పచ్చిక, పెరటితోట: ఏడాది పొడుగునా సంరక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

లెక్కలన్నీ 100 చదరపు మీటర్ల పచ్చికకు ఇచ్చాం. మీ స్థలం 40 చదరపు మీటర్లే అయితే ప్రతి అంకెనూ 0.4తో గుణించుకోండి. మందులూ ఎరువులూ కొలిచే ముందు స్థలాన్ని టేపుతో కొలవండి. కంటి అంచనాతో వేసినవాళ్లు దాదాపు ఎప్పుడూ ఎక్కువే వేస్తారు.

ఏ నెలలో ఏ పని చేయాలో ఒక పట్టిక ఇస్తే సరిపోతుంది కదా?

సరిపోదు. భూమధ్యరేఖకు ఇవతల చిగురు వేసే నెలలో అవతల ఆకు రాలుతుంటుంది. ఒకే ఊళ్లో కూడా ఒక ఏడు చలి తొందరగా పోతుంది, ఇంకో ఏడు పోదు. గడ్డి చూసేది నేల వేడిని. మాంసం ఉడికిందో లేదో చూసే పొడుగాటి థర్మామీటర్ ఒకటి చాలు. ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య 5 సెంటీమీటర్ల లోతున గుచ్చి నాలుగైదు రోజులు వరసగా అంకె రాసుకోండి.

ఈ పేజీలో అన్నిటికీ ఆధారం ఒకటే: గడ్డిని గాయపరిచే పని ఏదైనా (గీకడం, గుచ్చడం, బాగా దిగువకు కోయడం, గట్టిగా ఎరువు వేయడం) అది జోరుగా పెరిగే రోజుల్లోనే చేయాలి. అప్పుడే ఆ గాయం మానుతుంది. పచ్చికలు పాడయ్యేది ఎక్కువగా పని చేయక కాదు, మంచి పనినే కాని కాలంలో చేసి.

మా గడ్డి ఏ కాలంలో పెరిగేదో ఎలా తెలుస్తుంది?

పచ్చిక గడ్డి రెండు జాతులు. వేడిని కోరేవి: గరిక (బెర్ముడా), జోయిసియా, సెయింట్ అగస్టీన్, కార్పెట్ గ్రాస్. ఇవి 27 నుంచి 35 డిగ్రీల మధ్య ఉరకలు వేస్తాయి. నేల 10–13 డిగ్రీల కిందికి దిగితే రంగు పోయి గోధుమ రంగులో నిద్రపోతాయి. చల్లదనాన్ని కోరేవి: కెంటకీ బ్లూగ్రాస్, రై గ్రాస్, టాల్ ఫెస్క్యూ. వీటికి 15 నుంచి 24 డిగ్రీలు హాయి. నడివేసవిలో నీరసిస్తాయి.

పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. చలికాలంలో ఎండుగడ్డిలా అయిపోయి వేసవిలో పచ్చగా ఉంటే మొదటి రకం. చలిలో నవనవలాడి ఎండలకు వాడిపోతే రెండోది. గడ్డకట్టే చలే లేని చోట మొదటి రకం ఏడాదంతా పచ్చగానే ఉంటుంది, చలి రోజుల్లో పెరుగుదల మాత్రం మందగిస్తుంది.

చలి వెనకబడింది, అక్కడక్కడ చిగురు కనిపిస్తోంది. మొదట ఏ పని చేయాలి?

ఎరువు మాత్రం కాదు. ముందు రాలిన ఆకులూ పుల్లలూ దంతెతో తేలిగ్గా లాగేయండి. గరిక, జోయిసియా అయితే పైనున్న ఎండుపొరను ఒకసారి దిగువకు కోసి ఎత్తేయవచ్చు, ఎండ నేలకు తగిలి తొందరగా పచ్చబడుతుంది. సెయింట్ అగస్టీన్‌కు ఈ పని చేయకండి. దాని కాడలు నేల మీదే పాకుతాయి, వాటిని కోసేస్తే మళ్లీ లేవడానికి ఏమీ మిగలదు.

తర్వాత ఆగాలి. సగానికి పైగా పచ్చబడి, రెండుసార్లు కోతకు వచ్చాకే తొలి ఎరువు. ముందే వేస్తే అది గడ్డికి అందదు, చలికాలపు కలుపు తినేస్తుంది.

విత్తనం నుంచి ఏటా మొలిచే కలుపును రాకముందే ఆపాలంటే పెండిమిథాలిన్ లాంటి మందు నేల వేడి 13 డిగ్రీలకు చేరి నాలుగైదు రోజులు నిలిచేటప్పుడు పడాలి. వారం ఆలస్యమైతే విత్తనం మొలిచేసి ఉంటుంది, మందు దండగ. ఇదే మందు మీరు చల్లిన గడ్డి విత్తనాన్నీ మొలవనివ్వదు. అందుకే ఆ సీజన్‌లో రెండిట్లో ఒకటే పెట్టుకోండి.

నడుస్తుంటే పరుపు మీద నడిచినట్టుంది. అది మంచిదా?

కాదు. పచ్చటి ఆకుకూ మట్టికీ మధ్య చచ్చిన కాడలు, వేళ్లు అల్లుకుని ఒక పొర పేరుకుంది. దాన్ని థాచ్ అంటారు. చిన్న కత్తితో త్రికోణంగా ఒక ముక్క కోసి పక్కనుంచి చూడండి: పైన పచ్చ, కింద నల్లమట్టి, మధ్యలో గోధుమ రంగు పీచు. ఆ పీచు ఒక సెంటీమీటరు లోపు ఉంటే మేలే, తేమ పోకుండా కాపాడుతుంది. ఒకటిన్నర సెంటీమీటర్లు దాటితే నీళ్లు అక్కడే ఆగిపోతాయి, వేళ్లు మట్టిలోకి దిగకుండా పీచులోనే తిరుగుతాయి, రెండు రోజుల ఎండకే గడ్డి వాలిపోతుంది.

తీయడానికి గట్టి పళ్ల దంతె లేదా నిలువు బ్లేళ్ల యంత్రం కావాలి. వేడి గడ్డికి చిగురు బాగా వచ్చాక, చల్లటి గడ్డికి ఎండలు తగ్గాక. పని అయ్యాక పచ్చిక దారుణంగా కనిపిస్తుంది, హడలిపోకండి. నీళ్లు, పలచగా ఎరువు ఇస్తే మూడు, నాలుగు వారాల్లో మూసుకుంటుంది.

నేలకు చిల్లులు పెట్టడం నిజంగా అవసరమా?

మనుషులు, పిల్లలు తిరిగే చోట, బంకమట్టి నేలల్లో అవసరమే. 15 సెంటీమీటర్ల స్క్రూడ్రైవర్‌ను తడి నేలలో అరచేత్తో నొక్కండి. దిగితే అక్కర్లేదు, దిగకపోతే కావాలి. మట్టిని గొట్టంలా పెకలించి బయటపడేసే యంత్రమే వాడండి. ఉట్టి మేకులు గుచ్చితే చిల్లు చుట్టూ మట్టి ఇంకా బిగుసుకుంటుంది. మేకుల చెప్పులు తొడుక్కుని తిరగడం వ్యాయామానికి పనికొస్తుంది.

చిల్లులు 5–8 సెంటీమీటర్ల లోతు, ఒకదానికొకటి 5–7 సెంటీమీటర్ల దూరం. ముందురోజు బాగా తడపండి. బయటపడ్డ మట్టి గుళికల్ని అలాగే ఎండనిచ్చి దంతెతో చిదిపేయండి. ఆ పైన జల్లించిన కంపోస్టు 5 మిల్లీమీటర్ల మందాన పరిచి చీపురుతో చిల్లుల్లోకి నెడితే ఫలితం రెట్టింపు. 100 చదరపు మీటర్లకు అర ఘనపు మీటరు పడుతుంది. ఆకుల కొసలు పైకి కనిపిస్తూనే ఉండాలి.

ఎరువు ఎంత వేయాలి? సంచి మీది అంకెల అర్థమేమిటి?

సంచి మీది మూడు అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. పచ్చికకు లెక్క కట్టేది నత్రజనితోనే. 100 చదరపు మీటర్లకు ఒక విడతలో అసలు నత్రజని 500 గ్రాములు దాటకూడదు. సూత్రం తేలిక: కావలసిన గ్రాముల్ని 100తో గుణించి, సంచి మీది మొదటి అంకెతో భాగించండి. 20 శాతం సంచి అయితే 500 × 100 ÷ 20 = 2,500 గ్రాములు.

నెమ్మదిగా కరిగే ఎరువుకే ఆ 500 గ్రాముల లెక్క. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది, అదంతా ఒక్కసారిగా అందుతుంది. కాబట్టి యూరియా విడతకు అరకిలో చాలు, అందులో 230 గ్రాముల నత్రజని వస్తుంది. నాలుగైదు వారాల తర్వాత ఇంకో విడత వేసుకోండి. ఏడాది మొత్తానికి గరికకు ఒకటి నుంచి రెండు కిలోల నత్రజని, జోయిసియాకు కిలో నుంచి కిలోన్నర. కార్పెట్ గ్రాస్ అంతకంటే తక్కువతోనే తృప్తి పడుతుంది.

వేడి గడ్డికి ఎరువంతా పెరిగే రోజుల్లోనే పడాలి. చలి మొదలవడానికి ఆరు వారాల ముందే నత్రజని ఆపేయండి, లేకపోతే లేత చిగురు చలికి మాడుతుంది. చల్లటి గడ్డికి తలకిందులు: పెద్ద వాటా వేసవి పోయాక, చిన్న వాటా చలి వెనకబడ్డాక, నడివేసవిలో సున్నా. భాస్వరం, సున్నం మాత్రం మట్టి పరీక్ష చెప్పకుండా వేయకండి. పీహెచ్ (నేల పులుపూ క్షారమూ చెప్పే అంకె) 6 నుంచి 7 మధ్య ఉంటే సున్నం జోలికే పోవద్దు.

యూరియా చల్లిన చోట గీతలు గీతలుగా మాడిపోయింది. ఎందుకు?

మూడు కారణాల్లో ఒకటి. తడి ఆకు మీద చల్లారు, గింజలు అతుక్కుని కరిగి ఆకులోని నీటిని లాగేశాయి. లేదా చేతిలోంచి ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడింది. లేదా చల్లాక నీళ్లు పెట్టలేదు.

సరైన పద్ధతి ఇది. యూరియాకు అయిదింతలు పొడి ఇసుక కలపండి. రెండు వాటాలు చేసి ఒక వాటా నిలువుగా, ఇంకో వాటా అడ్డంగా నడుస్తూ చల్లండి. ఆకు పొడిగా ఉండాలి, వేళ సాయంత్రం కావాలి. వెంటనే చదరపు మీటరుకు 6 లీటర్ల లెక్కన నీళ్లు పెట్టండి. నీళ్లు పెట్టకుండా వదిలేస్తే వేడికి అందులో కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది కూడా. మాడిన చోట నాలుగైదు రోజులు బాగా తడపండి, మొదళ్లు బతికి ఉంటే పూడుకుంటుంది.

ఎండాకాలంలో రోజూ నీళ్లు పెట్టాలా?

రోజూ కొంచెం కొంచెం పెడితే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. వారానికి 25 మిల్లీమీటర్ల నీరు లక్ష్యంగా పెట్టుకోండి. చదరపు మీటరుకు 25 లీటర్లు, 100 చదరపు మీటర్లకు 2,500 లీటర్లు. దాన్ని రెండు దఫాలుగా ఇవ్వండి. ఇసుక నేలైతే మూడు దఫాలు, ఎందుకంటే అది నీటిని పట్టి ఉంచుకోదు. వాన పడితే ఆ మేరకు తగ్గించండి.

మీ స్ప్రింక్లర్ ఎంత ఇస్తోందో తెలియకుండా నిమిషాలు చెప్పలేం. నిటారు గోడలున్న డబ్బాలు ఆరో ఎనిమిదో పచ్చికంతా చెదురుగా పెట్టండి. 15 నిమిషాలు నీళ్లు వదలండి. ప్రతి డబ్బాలో స్కేలు ముంచి లోతు చూసి సగటు కట్టండి. సగటు 5 మిల్లీమీటర్లు వచ్చిందనుకుంటే, ఒక దఫాకు కావలసిన 12 మిల్లీమీటర్లకు 36 నిమిషాలు పడుతుంది. ఒక డబ్బాలో 8, ఇంకోదాంట్లో 2 వస్తే సమయం పెంచి లాభం లేదు. నాజిల్ మూసుకుపోయిందో, వంగిందో, గాలికి జల్లు పక్కకు పోతోందో చూసుకోండి. ఎండాకాలంలో ఒకే చోట పదేపదే ఎండే మచ్చల్లో చాలావాటి కథ ఈ డబ్బాల్లోనే తేలిపోతుంది.

బంకనేలలో పది నిమిషాలకే నీరు పారిపోతుంటే పది నిమిషాలు వదిలి, అరగంట ఆపి, మళ్లీ పది నిమిషాలు వదలండి. తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది లోపు మంచి వేళ. రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగుళ్లకు పండగే.

ఎప్పుడు పెట్టాలో గడ్డే చెబుతుంది. నడిచి వెనక్కి చూడండి. అడుగుజాడలు లేవకుండా అలాగే ఉండి, రంగు కాస్త నీలిబూడిదలోకి తిరిగితే ఆ మర్నాడు తెల్లవారుజామున తడపాలి.

గడ్డంతా ఎండిపోయింది. చచ్చిందా, నిద్రపోతోందా?

ఒక దుబ్బును పట్టి లాగండి. గట్టిగా పట్టుకుని ఉంటే ఆశ ఉంది. మట్టి తుడిచి వేరూ కాడా కలిసే మొదలును గోటితో గీకండి. తెల్లగానో లేత పచ్చగానో, గట్టిగానో ఉంటే బతికే ఉంది. గోధుమ రంగులో పొడిపొడిగా విరిగితే పోయింది. నీటి కటకట ఉన్నప్పుడు పచ్చగా ఉంచాలని పాకులాడకండి. రెండు, మూడు వారాలకోసారి 12 మిల్లీమీటర్లు ఇస్తే మొదళ్లు చావకుండా నిలుస్తాయి. ఆ రోజుల్లో ఎరువూ కోతా రెండూ బంద్.

ఎంత ఎత్తుకు కోయాలి?

గరిక 2–4 సెంటీమీటర్లు, జోయిసియా 2.5–5, సెయింట్ అగస్టీన్ 6–10, టాల్ ఫెస్క్యూ 6–9, కెంటకీ బ్లూగ్రాస్ 5–7.5. ఎండలు ముదిరినప్పుడు, నీడలో పై అంకె వైపు ఉండండి. ఒక కోతలో ఆకు పొడవులో మూడో వంతుకు మించి తీయకూడదు. 4 సెంటీమీటర్లకు కోయాలంటే 6కు వచ్చినప్పుడే కోయాలి. ఊరెళ్లి వచ్చేసరికి 12 అయిందా? మొదట 8కి, నాలుగు రోజులాగి 5–6కి, మరో నాలుగు రోజులకు 4కి తెండి. ఒక్కసారిగా బోడి చేస్తే మిగిలేది తెల్ల కాడలే, ఆ ఖాళీల్లో ఎండ పడి కలుపు లేస్తుంది.

కోశాక రెండు రోజులకు పచ్చికంతా తెల్లబారినట్టు కనిపిస్తోంది. తెగులా?

ఒక ఆకును కంటికి దగ్గరగా పట్టుకు చూడండి. కొస కత్తెరతో కోసినట్టు నున్నగా ఉండాలి. పీచులు పీచులుగా చీలి, ఆ పీచులు ఎండి తెల్లబడి ఉంటే మూవర్ బ్లేడు మొద్దుబారింది. ప్రతి 20–25 గంటల వాడకానికి సాన పట్టాలి. సాన పట్టాక బ్లేడు మధ్య రంధ్రాన్ని గోడకు కొట్టిన మేకుకు తగిలించండి. ఒకవైపు వాలితే ఆ వైపు ఇంకొంచెం అరగదీయండి. తూకం తప్పిన బ్లేడుతో యంత్రం అదిరి ఇంజిన్ బేరింగులు పోతాయి.

కోసిన గడ్డి ఎత్తేయాలా, వదిలేయాలా?

వదిలేయండి. సన్నటి ముక్కలు త్వరగా కుళ్లి, గడ్డికి కావలసిన నత్రజనిలో నాలుగో వంతు దాకా తిరిగిస్తాయి. థాచ్ పెరుగుతుందన్నది అపోహ. ముద్దలు ముద్దలుగా పడినప్పుడూ, తెగులు ఉన్నప్పుడూ, కలుపు గింజ కట్టినప్పుడూ మాత్రం ఎత్తేయండి.

వానాకాలంలో నీళ్లు నిలుస్తున్నాయి. ఏం చేయాలి?

వాన వెలిశాక అయిదారు గంటల్లో ఇంకకపోతే సరిచేయాలి. చిన్న గుంటల్లో ఇసుక, కంపోస్టు కలిపి ఒక్కోసారి ఒక సెంటీమీటరుకు మించకుండా పోస్తూ, గడ్డి పైకి వచ్చాక మళ్లీ పోస్తూ పూడ్చండి. గుంట లోతుగా ఉంటే గడ్డిని పలకలా కోసి ఎత్తి, కింద మట్టి నింపి మళ్లీ పరవడమే సుఖం. మొత్తం పచ్చికకు ఇంటి నుంచి బయటికి మీటరుకు 1–2 సెంటీమీటర్ల వాలు ఉండాలి. బంకమట్టిలో ఉట్టి ఇసుక కొద్దిగా కలిపితే అది ఇటుకలా బిగుస్తుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

తడి నేల మీద మూవర్ నడపకండి. చక్రాల గాళ్లు పడి మట్టి బిగుసుకుంటుంది, ఆకు కొసలు చీలుతాయి. ఆ రోజుల్లో యూరియా వేసినా అది కిందికి కొట్టుకుపోతుంది.

గుండ్రంగా మచ్చలు పడుతున్నాయి. ఏ మందు కొట్టాలి?

మందుకు ముందు మోకాళ్ల మీద కూర్చుని అంచు చూడండి, మధ్యలో కాదు. మధ్యలో అంతా చచ్చే ఉంటుంది.

తెల్లవారి మంచులో మచ్చ అంచున పొగరంగు వలయం ఉండి, ఆకులు లాగితే కాడ నుంచి సులువుగా ఊడివస్తుంటే అది బ్రౌన్ ప్యాచ్ బూజు. రాత్రి వేడి 20 డిగ్రీలు దాటి, ఆకు పది గంటలకు పైగా తడిగా ఉంటే చెలరేగుతుంది. అతి నత్రజని దానికి ఆజ్యం. సాయంత్రపు తడి ఆపి, నత్రజని ఆపి, ఉదయం పొడుగు కర్రతో మంచు దులిపేస్తే చాలాసార్లు అక్కడే ఆగుతుంది. రూపాయి బిళ్లంత మొదలై అరచేయి కంటే చిన్నగానే ఉండే మచ్చలు, ఆకు మధ్యలో నడుము చిక్కినట్టు ఎండుపట్టీ ఉంటే డాలర్ స్పాట్. ఇది ఎక్కువగా నత్రజని చాలని చోట వస్తుంది, పలచగా యూరియా ఇవ్వడమే తొలి చికిత్స. ఒకే రకం మచ్చ అనుకుని ఒకే మందు చేస్తే ఒకటి తగ్గి ఇంకోటి ముదిరేది ఇందుకే.

మచ్చలోని గడ్డి చాపలా చుట్టుకుని లేస్తే కింద వేరుపురుగు ఉంది. 30 సెంటీమీటర్ల చతురస్రాన్ని మూడు వైపులా కోసి తిరగేసి, 5–8 సెంటీమీటర్ల లోతు వరకు కెలకండి. కొక్కెంలా వంగిన తెల్లటి పురుగుల్ని లెక్కపెట్టండి. అయిదు లోపు అయితే ఆరోగ్యంగా ఉన్న పచ్చిక తట్టుకుంటుంది. పది దాటితే చర్య తప్పదు. పురుగు చిన్నదిగా ఉన్నప్పుడు తడి నేల మీద సాయంత్రం పూట మేలుచేసే నులిపురుగుల ద్రావణం పోయవచ్చు. ముదిరాక ఏ మందూ సరిగా పనిచేయదు.

మధ్యలో మాడి, చుట్టూ ముదురాకుపచ్చ వలయం ఉంటే అది కుక్క పని. అప్పటికప్పుడు బకెట్ నీళ్లు పోయడమే మందు.

తుంగ ఎంత పీకినా మళ్లీ వస్తోంది!

కాడను వేళ్ల మధ్య దొర్లించండి, మూడు పలకలు తగిలితే తుంగే. పైన పీకితే కింద గడ్డలు మిగులుతాయి, గడ్డకూ గడ్డకూ సన్నటి దారంలా లంకె ఉంటుంది. ఒకటి తెగితే పక్కది లేస్తుంది. ఓర్పుంటే ఒక దారి ఉంది: అయిదారు ఆకులు వేయకముందే, రెండు మూడు వారాలకోసారి, వరసగా ఒక సీజనంతా పీకడం. ప్రతిసారీ గడ్డలోని నిల్వ కరిగిపోతుంది. ఒక్క నెల మానేస్తే మళ్లీ మొదటికే.

మందు అయితే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ గడ్డిని వదిలి తుంగనే పడుతుంది. మీ గడ్డి రకానికి అనుమతి ఉందో లేదో లేబుల్ మీద చూసుకోండి. తుంగ 3–8 ఆకుల మీద జోరుగా ఉన్నప్పుడు కొట్టండి, ముందు రెండు రోజులూ వెనక రెండు రోజులూ కోయకండి. ఫలితం కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. గ్లైఫోసేట్ కొడితే తుంగతో పాటు పచ్చికా పోతుంది. బయటి మట్టి, సరిగా మాగని పశువుల ఎరువు తెచ్చేటప్పుడు జల్లెడ పట్టండి, తుంగ గడ్డలు చాలా తోటల్లోకి వచ్చేది ఆ సంచుల్లోనే.

ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయి. యూరియా వేయాలా?

ముందు ఏ ఆకులో చూడండి. ముదురు ఆకులు ముందుగా, ఆకంతా ఒకేలా పాలిపోతే నత్రజని లోపం. లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము లోపం, క్షారం ఎక్కువున్న నేలల్లో మామూలే. దానికి యూరియా వేస్తే ఇంకా పాలిపోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి, 100 చదరపు మీటర్లకు 8–10 లీటర్లు చాలు. సిమెంటు, గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు. వానాకాలంలో నీరు నిలిచి పసుపెక్కితే ఏ ఎరువూ అక్కర్లేదు, నీరు బయటికి పోవాలి.

చెట్టు కింద గడ్డి నిలవడం లేదు.

గరికకు రోజుకు ఆరు గంటలకు తగ్గకుండా నేరు ఎండ కావాలి. జోయిసియా, సెయింట్ అగస్టీన్ నాలుగైదు గంటలతో నెట్టుకొస్తాయి. అంతకంటే తక్కువుంటే కింది కొమ్మలు తీసి, కోత ఎత్తు పెంచి, నత్రజని సగానికి తగ్గించి చూడండి. అయినా పలచబడుతుంటే పట్టుదల మానుకుని ఫెర్న్, మోండో గ్రాస్ లాంటి నీడ మొక్కలు పెట్టండి.

పూలమొక్కల్ని ఎప్పుడు కత్తిరించాలి?

పువ్వు ఏ కొమ్మ మీద పూస్తుందో అదే కాలాన్ని నిర్ణయిస్తుంది. పోయినేటి కొమ్మ మీద చలి పోగానే పూసే పొదల్ని పూత అయిపోయిన వెంటనే కత్తిరించాలి. చలికాలంలో కత్తిరిస్తే ఆ ఏటి మొగ్గల్ని మీరే కోసేసినట్టు. గులాబీ, మందార కొత్త చిగురు మీద పూస్తాయి, వాటిని చిగురు వేసే ముందు కత్తిరించాలి. మల్లెపొదను చలికాలం మొదట్లో నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తుకు కత్తిరించి ఆకు దులిపేస్తే వేడి రాగానే కొత్త కొమ్మలతో పాటు మొగ్గలు తొడుగుతుంది. గడ్డకట్టే చలి ఉన్న చోట మాత్రం చలికి ముందు ఏ పొదనూ కత్తిరించకండి.

గులాబీలో ఎండిన, ఒకదానికొకటి రాసుకునే, పెన్సిల్ కంటే సన్నటి కొమ్మలు ముందు తీయండి. మిగిలిన వాటిలో బయటివైపు చూసే కన్నుకు 5–6 మిల్లీమీటర్ల పైన, కన్ను అవతలికి వాలేలా ఏటవాలుగా కోయండి. మరీ పైన కోస్తే ఆ మోడు ఎండి తెగులు కిందికి దిగుతుంది, మరీ దగ్గరగా కోస్తే కన్నే ఎండుతుంది. మొక్క మారినప్పుడల్లా కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి.

లావు కొమ్మకు మూడు కోతలు. కాండం నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో కింది నుంచి మూడో వంతు, ఇంకొంచెం అవతల పై నుంచి పూర్తిగా. బరువు పడిపోయాక మొదట్లోని ఉబ్బెత్తు మెడను వదిలి చివరి కోత. మెడ తెగితే గాయం మానదు. మొదటి కోత మానేస్తే కొమ్మ పడుతూ కాండం బెరడును కిందిదాకా చీల్చుకుపోతుంది.

మొక్కల మొదట్లో ఎండుటాకులు, చెక్కపొట్టు ఎంత మందాన వేయాలి?

5–8 సెంటీమీటర్లు, కాండానికి 5–10 సెంటీమీటర్లు ఎడంగా. కాండాన్ని ఆనించి పుట్టలా పోస్తే బెరడు కుళ్లుతుంది. చెద ఉన్న చోట ఇంకా పలచగా వేసి అప్పుడప్పుడు కదపండి. ఎండలు ముదరకముందే, తడి నేల మీద వేయాలి.

పిండినల్లి, పేనుబంక పట్టాయి.

ముందు పైపు పోటుతో ఆకు అడుగు కడగండి, పేనుబంకలో సగం అక్కడే పోతుంది. తర్వాత లీటరు గోరువెచ్చటి నీటిలో 1–2 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు, అది కలిశాక 5 మిల్లీలీటర్ల వేపనూనె వేసి బాగా గిలకొట్టి అప్పటికప్పుడే కొట్టండి. సబ్బు లేకుండా వేస్తే నూనె పైకి తేలి, చివరి జల్లులో చిక్కగా పడి ఆకు మాడుతుంది. సాయంత్రమే, వారానికోసారి, మూడుసార్లు. పిండినల్లి అయితే చీమల దారినీ తెంచాలి, వాటిని మోసుకు తిరిగేది, కాపలా కాసేది అవే.

కుండీల్లో మొక్కలకు వేరే పద్ధతి ఉందా?

వేలు 2–3 సెంటీమీటర్లు దించి పొడి తగిలితేనే నీళ్లు, పోస్తే అడుగు రంధ్రం నుంచి కారేదాకా. పూర్తిగా ఎండిన కొబ్బరిపొట్టు నీటిని పీల్చదు, పోసిన నీరు అంచుల నుంచి జారిపోతుంది. అలాంటి కుండీని అరగంట నీటి తొట్టిలో ముంచాలి. మట్టి మీద తెల్లటి పొక్కు కడితే ఉప్పు పేరుకుంది. కుండీ పరిమాణానికి రెండు, మూడింతల నీరు పోసి కడిగేయండి. వానాకాలంలో అడుగు పళ్లాలు తీసేసి, కుండీల కింద ఇటుక ముక్కలు పెట్టండి.

కొత్తగా పచ్చిక ఎప్పుడు వేయాలి?

వేడి గడ్డి అయితే నేల 18 డిగ్రీలు దాటి, ఆపైన రెండు మూడు నెలలు పెరిగే వేడి ఉన్నప్పుడు. చల్లటి గడ్డి అయితే వేసవి వెళ్లగానే, తొలి మంచుకు ఆరు వారాల ముందే. నేలను 15–20 సెంటీమీటర్ల లోతు తవ్వి, మాగిన ఎరువు 2–3 సెంటీమీటర్ల పొర కలిపి, చదును చేసి, తడిపి రెండు వారాలు వదిలేయండి. మొలిచిన కలుపును తీసేశాక అసలు పని మొదలుపెట్టండి. ఆ రెండు వారాల ఓపిక తర్వాతి రెండేళ్ల కలుపు తీతను తగ్గిస్తుంది.

విత్తనం గరికకు అరకిలో నుంచి కిలో, టాల్ ఫెస్క్యూకు 3–4 కిలోలు. 3–6 మిల్లీమీటర్ల కంటే లోతుకు పోకూడదు. కాడ ముక్కలు నాటితే 10–15 సెంటీమీటర్ల ఎడం. పలకలుగా తెచ్చిన గడ్డిని 24 గంటల్లోపు పరచండి, ఇటుక గోడలా కీళ్లు ఎడంగా రావాలి. రెండు వారాలు రోజూ తడపండి. మూల పట్టి లాగితే లేవనప్పుడు వేరు పట్టినట్టు, అప్పుడే తొలి కోత.

మంచు పేరుకునే చలిలో ఏం జాగ్రత్తలు?

మంచు పట్టిన ఆకు గాజులా ఉంటుంది. దాని మీద నడిస్తే కణాలు పగిలి రెండు రోజులకు పాదాల ఆకారంలోనే గోధుమ మచ్చలు తేలతాయి. ఎండ వచ్చి కరిగేదాకా ఆగండి. సున్నితమైన మొక్కలకు ముందురోజు మొదట్లో నీళ్లు పెట్టండి, తడి నేల పగటి వేడిని నిలుపుకుంటుంది. పొద్దు వాలగానే గుడ్డ కప్పి నేలదాకా దించండి, ఉదయం తీసేయండి. ప్లాస్టిక్ ఆకుకు తగిలితే తగిలిన చోటే మాడుతుంది. మాడిన కొమ్మల్ని వెంటనే కోయకండి, చలి పూర్తిగా పోయాక ఎంతవరకు బతికిందో తేలుతుంది.

రాలిన ఆకులు పచ్చిక మీదే వదిలేయవచ్చా?

పలచగా ఉంటే మూవర్‌తో రెండుసార్లు తొక్కించి తురుములా చేసి వదిలేయండి. గడ్డి సగానికి పైగా కనబడకపోతే ఎత్తి కంపోస్టులో వేయండి: ఒక వంతు పచ్చి చెత్తకు రెండు, మూడు వంతుల ఎండుటాకు, పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలే కారేంత తేమ. కుప్ప మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటేనే లోపల 55–65 డిగ్రీల వేడి పుడుతుంది.

కోతల కాలం అయిపోయాక మూవర్‌ను ఎలా భద్రపరచాలి?

బ్లేడు ముట్టుకునే ముందు స్పార్క్ ప్లగ్ తీగ తీసేయండి. బ్యాటరీ యంత్రమైతే బ్యాటరీ ఊడదీయండి. ఇది అన్నిటికంటే ముందు. అడుగున అంటుకున్న గడ్డిని చెక్కతో గీకి తీయండి, అది తేమ పట్టి ఇనుమును తినేస్తుంది. యంత్రాన్ని వాల్చేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ వైపు పైకి ఉండాలి, లేకపోతే ఆయిల్ ఫిల్టర్‌లోకి దిగి మళ్లీ స్టార్ట్ అవనని మొండికేస్తుంది. నెల దాటి నిలవున్న పెట్రోలు చెడిపోయి కార్బురేటర్‌లో జిగురు కడుతుంది. ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడపండి. పాత ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే తీసేసి కొత్తది పోయండి. బ్యాటరీని సగం ఛార్జ్‌తో, చల్లటి పొడి చోట పెట్టండి. బ్లేడును ఇప్పుడే సాన పట్టి నూనె పూసి ఉంచితే, చిగురు వేసే వారం సాన పట్టేవాడి దగ్గర వరసలో నిలబడే పని ఉండదు.